తలుపు తగిలిందట

ఉప్మాలో ఉప్పు చూడబోతే పెదవి భగ్గుమంది. అది చీలి రెండు గంటలు కూడా కాలేదు. సాయంత్రం మా ఇంట్లో గృహ ప్రార్థన. రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళం వంతులవారీగా పెట్టుకుంటాం, ఈ ఆదివారం మా వంతు. ఉప్మా, టీ, చాపలు పరవడం, వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోమడం నాది. పాట ఎత్తుకోవడం, వాక్యం చదవడం మా ఆయన జాషువాది. దెబ్బలు కూడా ఇలా పంచుకుంటే బాగుండేది. అవి మాత్రం నాకొక్కదానికే.

"మూతికి ఏవైందని అడిగితే తలుపు తగిలిందని చెప్పు, రత్నం," అంది మా అత్తగారు సూరమ్మ, అల్లం తరుగుతూ. మొహం ఎత్తలేదు. మధ్యాహ్నం ఆవిడ గోడ అవతలే ఉంది. నా కేక విని ఫోన్లో పాట సౌండు పెంచింది.

పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. తగిలింది తలుపే. కాకపోతే తలుపు నా దగ్గరికి రాలేదు. బీరువా తలుపు దగ్గరికి మా ఆయన నన్నే జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళారు.

షుగరు వచ్చాక ఆయనకి పడకగదిలో ఇబ్బంది మొదలైంది. అదేం నేరం కాదు, జబ్బు. నేనే నచ్చజెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరు మంచివాడు, సిగ్గుపడకుండా అన్నీ విడమరిచి చెప్పాడు. రోజుకి ఒక్క మాత్రే, పనిచెయ్యలేదని రెండోది వేసుకోకూడదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంటుందే, దానికీ దీనికీ పడదు, రెండూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి దక్కకపోవచ్చు. ఇది వేసుకున్నాక గుండెలో నొప్పొస్తే ఆ మాత్ర ముట్టుకోకుండా ఆసుపత్రికి రావాలి, వచ్చీ రాగానే ఇది వేసుకున్నానని చెప్పాలి. ఇంకోటి కూడా అన్నాడు, ఈ మందు రక్తానికే గానీ మనసుకి కాదని. మా ఆయన గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. డాక్టరు నావైపు తిరిగి, "దీదీ, ఆప్ ధ్యాన్ రఖియేగా," అన్నాడు, మీరే జాగ్రత్తగా చూసుకోవాలని. ఒళ్ళు ఆయనది, మందు ఆయనది, జాగ్రత్త నాది.

రాసిచ్చిన మందు నాలుగు రోజులకే ఆయనకి చాల్లేదు. సిల్తారా ఫ్యాక్టరీల్లో పనిచేసే స్నేహితుడెవరో చీటీ లేకుండా ఎక్కువ పవరుది తెచ్చివ్వడం మొదలుపెట్టాడు. పనిచేస్తే ఆయన గొప్ప. చెయ్యకపోతే నా తప్పు. "నీ ఏడుపు మొహం చూస్తే ఎవడికి పుడుతుందే," అనేవారు. ఈ మధ్యాహ్నం ప్రార్థన గుడి నుంచొచ్చి, భోంచేసి ఒకటి మింగారు. గంటసేపు చూశారు. రెండోది విప్పుతుంటే, "రోజుకి ఒకటేనన్నారు కదండీ," అని చెయ్యి పట్టుకున్నాను. నా జుట్టు చేతికి చుట్టుకుని మొహాన్ని బీరువాకేసి కొట్టారు. ఒక్కసారి కాదు. పళ్ళు పెదవిలోకి దిగాయి. నా రక్తం చూస్తూ రెండో మాత్ర మింగారు. ఆ తర్వాత మంచం మీద జరిగినదాన్ని మావాళ్ళు కాపురం అంటారు. అదీ ఆయనకి సాగలేదు. ఆ కోపానికి డొక్కలో తన్ని, "జనం వెళ్ళనీ, అప్పుడు చెప్తా నీ సంగతి," అన్నారు. నేను లేచి, కింద పడ్డ ఖాళీ మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో వేసి, ఉల్లిపాయలు కోసుకున్నాను.

జనం వచ్చారు. తలుపు తగిలిందని అత్తగారే అందరికీ చెప్పింది. ప్రార్థన అంశాలు అడిగితే, "మా కోడలికి లోబడే మనసిమ్మని ప్రార్థించండయ్యా," అంది. అందరూ ఆమేన్ అన్నారు. ఆయన పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో గొంతు ఆగిపోయింది. ఛాతీ పట్టుకుని చాపమీదికి ఒరిగిపోయారు, చొక్కా చెమటతో తడిసిపోయింది.

సంఘ పెద్ద డేనియల్ అంకుల్ అప్పటికే జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అంకుల్‌కి గుండెజబ్బు. తన మాత్రలు పిల్లలకి బిళ్ళలు పంచినట్టు ఎవరికి నొప్పన్నా నాలుక కింద పెడతారు. కాలనీ అంతా ఆయన చెయ్యి మంచిదంటుంది.

"నోరు తెరు నాన్నా, జాషువా," అన్నారు.

ఆ చెయ్యి చూస్తూ ఒక్క క్షణం ఊరుకున్నాను. ఊరుకుంటే చాలు. జనం వెళ్ళాక నా సంగతి చెప్పే మనిషి ఉండడు, నన్నెవరూ వేలెత్తి చూపరు. డొక్కలో నొప్పి కూడా ఊరుకోమనే చెప్పింది. కానీ ఆయన కొట్టగలిగినట్టు నేను చంపలేను. వెళ్ళి అంకుల్ మణికట్టు పట్టుకున్నాను.

"వద్దంకుల్. ఆయన మగతనం మాత్రలు వేసుకున్నారు, మధ్యాహ్నం, రెండు. దానిమీద ఇది పడితే ప్రాణం పోతుంది."

పాట పుస్తకాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

"నోర్ముయ్యవే, జనంలో ఏం మాటలవి," అంది అత్తగారు.

ఆయన రొప్పుతూ తల అడ్డంగా ఊపారు. "ఝూఠ్... అబద్ధం, లేదంకుల్, ఇవ్వండి." చావడానికి సిద్ధమే, ఆ మాట ఒప్పుకోవడానికి కాదు. మగవాడు లేదన్నాడు కాబట్టి అంకుల్ నా చెయ్యి విడిపించుకున్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తి, ఉల్లిపొట్టు కింద నుంచి ఆ ఖాళీ అట్ట తెచ్చి అంకుల్ కళ్ళముందు పెట్టాను. పేరు చదివారు. డబ్బా మూత పెట్టి జేబులో వేసుకుని, అంబులెన్సుకి ఫోన్ చేశారు. మాతోపాటు అత్తగారు, అంకుల్ కూడా ఎక్కారు.

ఆసుపత్రి గుమ్మంలోనే ఆ మందు పేరు, వేసుకున్న వేళ డాక్టరమ్మకి గట్టిగా చెప్పాను. కుర్ర డాక్టరు. నర్సుని పిలిచి, ఆ నాలుక కింద మాత్ర రకం మందులేవీ ఇవ్వొద్దని చెప్పి, వేరే వైద్యం చేసింది. రాత్రికి ఆయన గండం గడిచింది.

కళ్ళు తెరవగానే నన్ను వెతుక్కున్నారు. "సంఘమంతటి ముందు పరువు తీశావు కదే. ఇంటికి పద."

డాక్టరమ్మ చీటీ రాస్తూ నా మొహం కేసి చూసి, పెదవికి ఏమైందని అడిగింది. "ఔర్ ఆప్‌కే హోంఠ్ పే క్యా హువా?"

"దర్వాజా లగ్ గయా," అంది అత్తగారు, నాకంటే ముందే, మళ్ళీ ఆ తలుపు మాటే. డేనియల్ అంకుల్ తల దించుకున్నారు.

చేతిలోని మందుల సంచీ అత్తగారి ఒళ్ళో పెట్టాను. "ఇకమీదట ధ్యాన్ మీరు పెట్టుకోండి అత్తయ్యా, నేనా ఇంటికి రాను," అన్నాను. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, మంచం మీద మనిషిని చూపించి, కొట్టింది ఈయనేనని రాసుకోమన్నాను.

"దర్వాజా నహీ, మేడమ్. ఇన్హోంనే మారా. లిఖియే."

ఆ మందు పేరు ఎంత గట్టిగా చెప్పానో, ఇదీ అంత గట్టిగానే చెప్పాను.