దూరం లెన్సు

ఖతార్ నుంచి సెలవు మీద వచ్చిన అన్న నాగేంద్ర వీరవేణికి కెమెరా తెచ్చాడు. పని మానేసి ఊరెళ్ళిపోతున్న తన రూమ్మేట్ దగ్గర కొన్న డిజిటల్ ఎస్సెల్లార్ అది. నల్లగా, బరువుగా, కొత్తదానిలాగే ఉంది గానీ లెన్సు ఉండాల్సిన చోట గుండ్రటి మూత మాత్రమే ఉంది.

"లెన్సు వాడే ఉంచేసుకున్నాడే. ఏది కావాలో మీ మూర్తిగారిని అడుగు, తెప్పించేద్దాం" అన్నాడు.

వాళ్ళ ఊరు ఓడలరేవు. తండ్రి అప్పలస్వామి పడవ మీద చేపల వేటకు వెళ్తాడు. వీరవేణి ఇంటర్ అయిన దగ్గర్నుంచి రోజూ బస్సెక్కి అమలాపురం వెళ్ళి, శ్రీరామచంద్రమూర్తి గారి ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తోంది. మూర్తిగారు నెమ్మదైన మనిషి. పనివాళ్ళ మీద గొంతు పెంచడం ఎవరూ వినలేదు. మౌస్ పట్టుకోవడం కూడా రాని పిల్లకి పక్కన కూర్చుని అన్నీ నేర్పించారు. ఫంక్షన్లకి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. "ఆడపిల్లవి, వేళ కాని వేళ ఎక్కడ తిరుగుతావమ్మా" అనేవారు. అదీ తన మంచికేనని వీరవేణి అనుకునేది.

కెమెరా చూపించినప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుందమ్మా. ఏం తీద్దామని?"

"పేరంటాలూ సీమంతాలూ తీద్దామనండి. ఆడవాళ్ళ ఫంక్షన్లకి ఆడపిల్ల అయితే బాగుంటుందని చాలామంది అంటున్నారండి. చిన్న లెన్సు చూసేనండి, కొత్త కెమెరాతో పాటే ఇస్తారు కదండీ, అది."

మూర్తిగారు గుండ్రటి మూత తీసి మళ్ళీ బిగించారు. తర్వాత కెమెరా ఆమె చేతికిచ్చారు.

"అది ఆటబొమ్మ. ఫోన్లో వచ్చేదే అందులోనూ వస్తుంది. దూరం లెన్సు తీసుకో. జనంలోకి దూరి, మగాళ్ళని పక్కకి నెట్టి నువ్వు తీయగలవా? ఇదైతే ఓ మూల నించుని తీసుకోవచ్చు. వెనకాలున్నదంతా కరిగిపోయి మొహం ఒక్కటే తేలుతుంది. నీలాంటిదానికి అదే సరైంది."

"ఆయ్, అలాగేనండి" అంది వీరవేణి.

కొరియర్‌లో లెన్సు వచ్చింది. జానెడు పొడవు. తిప్పితే ఇంకా ముందుకు సాగుతుంది. మొదటి ఆదివారం పొద్దున్నే దాన్ని పట్టుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళింది. అలల అవతలి పడవ ఒక్కసారిగా కళ్ళ ముందుకి వచ్చేసింది. అందులో నించుని వల లాగుతున్న నాన్న మెడ మీది నరాలు కూడా కనిపించాయి. ఆ ఫొటో పెద్దది చేసి చూపిస్తే అప్పలస్వామి సిగ్గుపడ్డాడు. "ఇంత ముసిలోణ్ణి అయిపోయేనేటే" అన్నాడు. ఆ రోజంతా ఆమెకి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇంట్లోకి వచ్చాక మాత్రం కుదరలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మని తీయబోతే ముక్కూ నోరూ తప్ప ఏమీ పట్టలేదు. వెనక్కి జరిగి జరిగి పెరట్లోకి వచ్చేసింది. అక్కణ్ణుంచి తీస్తే చీకటి, పైగా చెదిరిపోయిన బొమ్మ. మర్నాడు మూర్తిగారిని అడిగింది.

"ఇంట్లో రావట్లేదండీ. మనిషి మొత్తం పట్టట్లేదు."

"చెయ్యి తిరగాలమ్మా. నాకు మాత్రం మొదట్లో వచ్చిందా? అలవాటైతే అదే వస్తుంది."

తప్పు తనదేననుకుని రోజూ సాయంత్రం పెరట్లో కోళ్ళనీ, అరటిచెట్లనీ తీస్తూ చెయ్యి తిప్పుకుంది.

మొదటి పిలుపు చిన్ని దగ్గర్నుంచి వచ్చింది. చిన్ని బళ్ళో జతగత్తె, కొత్తపేటలో ఇచ్చారు. ఏడో నెల, సీమంతం చేస్తున్నారు. అత్తగారు సావిత్రి గారికి మూర్తిగారిని పెట్టాలని ఉంది. వాళ్ళింటి పెళ్ళిళ్ళన్నీ ఆయనే తీశారు. చిన్ని పట్టుబట్టింది.

"మా వేణి తీస్తుందండీ, అత్తయ్యగారూ. లోపల చీర మార్చుకునేటప్పుడూ, గాజులు తొడిగేటప్పుడూ మగాళ్ళుంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది."

సావిత్రి గారు చివరికి సరేనన్నారు.

వీరవేణి వెళ్ళేసరికి హాలు నిండా పేరంటాళ్ళు. నడుమ కుర్చీలో చిన్ని, జడనిండా పూలతో కూర్చుని ఉంది. వీరవేణిని చూసి నవ్వింది. వీరవేణి కెమెరా కంటికి పెట్టుకుంది. చిన్ని పాపిట, పాపిటబిళ్ళ, ఒక కన్ను కనిపించాయి. వెనక్కి జరిగింది. వీపు గోడకి తగిలింది. ఇప్పుడు మొహం పట్టింది, చేతులు పట్టలేదు. గాజులు తొడిగేది చేతులకే.

గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి చిన్ని మొత్తం కనిపించింది గానీ మధ్యలో ఎవరో ఒకరు అడ్డం వస్తూనే ఉన్నారు. ఫ్లాష్ వేస్తే ఆ అడ్డొచ్చిన వీపులు తెల్లగా వెలిగి, వెనకాల చిన్ని చీకట్లో ఉండిపోయింది. ఫ్లాష్ తీసేస్తే అందరూ చెదిరిపోయారు. మెట్లు దిగి, వాకిట్లో నిలబడి కిటికీ ఊచల్లోంచి తీసింది. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి గాజులు తొడిగి, పసుపు రాసి, అక్షతలు వేసి వెళ్తున్నారు. చెమట కళ్ళలోకి కారుతోంది. చిన్ని లోపల్నుంచి ఆమె కోసం తలతిప్పి వెతుకుతోంది.

"అదేంటమ్మా, ఫొటోలమ్మాయి వీధిలోంచి తీస్తోంది?" అని ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

సావిత్రి గారు బయటికి వచ్చి చెయ్యి చాపారు. "ఏదమ్మా, చూడనీ."

వీరవేణి చూపించింది. ఆవిడ నాలుగైదు చూసి, లోపలికెళ్ళి కొడుకు సత్తిబాబుని పిలిచారు. అతను మూర్తిగారికి ఫోన్ చేశాడు.

మూర్తిగారు కారులో వచ్చేశారు. ఆలస్యం కూడా కాలేదు. చిన్నిని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. నలుగురు ముత్తయిదువలు మళ్ళీ వచ్చి గాజులు తొడుగుతున్నట్టు చేతులు పట్టుకున్నారు. మూర్తిగారు బ్యాగు తెరిచి కెమెరా తీశారు. దానికున్నది బెత్తెడు లెన్సు. ఆటబొమ్మ అన్నది దాన్నే. వీరవేణి వీపు గోడకి తగిలిన చోటే ఆయన నించున్నారు. కుర్చీ, చిన్ని, చుట్టూ ఉన్నవాళ్ళు, పళ్ళేలు, అన్నీ పట్టాయి.

"ఏం అనుకోకండమ్మా. కొత్త కదా, నేర్చుకుంటోంది. మా పిల్లే" అన్నారు సావిత్రి గారితో. తర్వాత వెనక్కి తిరిగి, "ఆ లైటు కాస్త పట్టుకో అమ్మా, వేణీ" అన్నారు.

వీరవేణి లైటు పట్టుకుంది. అయిపోయేదాకా పట్టుకుంది. చిన్ని ఆమె వైపు చూడలేదు.

మర్నాడు స్టూడియోకి వెళ్ళేసరికి మూర్తిగారు అదే లెన్సు తుడుస్తున్నారు.

"ఆ లెన్సు వద్దని నాకెందుకు చెప్పేరండీ?"

"నీకు దూరం నుంచైతే నప్పుతుందనుకున్నానమ్మా."

"ఆ హాళ్ళన్నీ మీకు తెలుసు కదండీ. నేను పుట్టక ముందు నుంచీ వాటిల్లోనే తీస్తున్నారు."

ఆయన తుడవడం ఆపలేదు. తల ఎత్తకుండానే మాట్లాడారు.

"ఇప్పుడు పెళ్ళిళ్ళు మాకెక్కడ ఇస్తున్నారు? రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ డ్రోన్లేసుకుని దిగుతున్నారు. నాకు మిగిలినవి ఈ సీమంతాలూ పేరంటాలే. ఆడపిల్ల తీస్తోందంటే అవి కూడా ఎవరిస్తారు నాకు?"

"మరి అదే చెప్పాల్సిందండీ. నువ్వు ఈ పనిలోకి రావద్దు, నాకు దెబ్బ అని. మీరు చెబితే నేను మానేసేదాన్ని."

మూర్తిగారు అప్పుడు ఆమె మొహంలోకి చూశారు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నారు.

"నీతో అలా ఎలా అంటానమ్మా?"

వీరవేణి టిఫిన్ బాక్సు తీసుకుని బయటికి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

చిన్నికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. చిన్ని విన్నది.

"ముందు ఒకసారి ఎవరింట్లోనైనా తీసి చూసుకోవచ్చు కదే. అందరిలో మా అత్తయ్యగారు నన్నెంత మాట అన్నారో తెలుసా? పాపం ఆయన పనులు మానుకుని పరిగెత్తుకొచ్చి ఆదుకున్నారు. ఆయన్నే అంటావేంటి?"

"నే చెప్పేది విను."

"నాకు ఓపిక లేదే" అంది చిన్ని. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. పాప పుట్టిన సంగతి వీరవేణికి ఇంకొకరి ద్వారా తెలిసింది.

తిరిగి ఖతార్ వెళ్ళిన నాగేంద్ర ఫోన్లో సంగతి విని, దూరం లెన్సు మార్చి చిన్నది తెప్పించుకోమన్నాడు. తెప్పించుకుంది. వచ్చిన రోజునే బిగించి వంటింటి గుమ్మంలో నించుంది. అమ్మ, పొయ్యి, దాకలో ఉడుకుతున్న చేపల పులుసు, గోడకి వేలాడే జల్లెడ, అమ్మ కాలికి ఒరుసుకుంటున్న పిల్లి, మొత్తం వచ్చింది. ఏ శ్రమా పడలేదు. నొక్కింది, వచ్చింది. పెరట్లో అన్నాళ్ళు తిప్పుకున్న చెయ్యి తలుచుకుని అక్కడే గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పొగకి కాబోలనుకుని అమ్మ కిటికీ తెరిచింది.

పిలుపులు రాలేదు. కొత్తపేట సీమంతంలో కిటికీలోంచి ఫొటోలు తీసిన అమ్మాయి సంగతి అమలాపురం దాకా పాకింది. అడిగినవాళ్ళతో మూర్తిగారు ఆమె గురించి మంచిగానే చెప్పారట. పిల్లకి తెలివుంది, కాస్త సమయం ఇవ్వాలి అన్నారట. సమయం ఎవరూ ఇవ్వలేదు.

ఒకరోజు అప్పలస్వామి వల సామాను కోసం అమలాపురం వెళ్ళొచ్చి, "మూర్తిగారు కనబడ్డారే. నీ కుర్చీ ఖాళీగానే ఉందంట, రమ్మన్నారు. టీ ఇప్పించి మరీ చెప్పేరు. ఎంత మంచి మనిషే" అన్నాడు.

"నేను వెళ్ళను నాన్నా."

"ఎందుకే?"

చెప్పింది. అప్పలస్వామి చివరిదాకా విన్నాడు. వేటకి తప్పుడు చోటు చూపించినవాడితో మళ్ళీ మాట్లాడని మనిషే ఆయన. అయినా "లెన్సేగా. పెద్దాయన మరిచిపోయి చెప్పుంటాడు" అని భోజనానికి లేచాడు.

ఆ నెలాఖరుకి వీరవేణి రాజోలులో మేనత్త ఇంటికి మారింది. బస్టాండు దగ్గర ఓ స్టూడియోలో ఆల్బమ్ పనికి మనిషి కావాలన్నారు. కెమెరాని ఓడలరేవులోనే, అమ్మ ట్రంకు పెట్టెలో వదిలేసి వెళ్ళింది. ఆ స్టూడియో యజమాని వెంకటరాజు గారు ఆమె చేసిన పేజీలు చూసి సంతోషించారు.

"పని బాగా తెలిసినదానివేనమ్మా. మా ఫంక్షన్లకి ఒక్కోసారి మనుషులు సరిపోరు. కెమెరా పట్టడం వచ్చా?"

వీరవేణి కంప్యూటర్ ముందు కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"రాదండీ" అంది.