వాంతి గంట

ఆ జిమ్‌లో నేను తుడవనిది లేదు. చెమట, ఉమ్మి, అద్దాల మీద చేతిముద్రలు, చివరికి వాంతి కూడా. అది పొరపాటున అయ్యే వాంతి కాదు, గొప్పగా చేసుకునే వాంతి. తెల్లవారుజామున ఐదు గంటల బ్యాచ్‌లో ఖాళీ కడుపుతో పరిగెత్తి పరిగెత్తి ఎవరైనా బకెట్లో కక్కితే, పక్కన వేలాడే ఇత్తడి గంట కొట్టాలి. మిగతావాళ్ళు ట్రెడ్‌మిల్ దిగకుండానే చప్పట్లు కొడతారు. కొవ్వు బయటికొచ్చేస్తోందని కోచ్ చెబుతాడు. బకెట్ కడిగేదాన్ని నేను. అందులో కొవ్వూ లేదు, కాకరకాయా లేదు. పచ్చటి పైత్యం, నురగ, ముక్కు పగిలే పులుపు కంపు. ఇంటికెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగినా నాకు ముద్ద దిగదు.

కోచ్‌ని నేను మనసులో ఖాళీకడుపు గురువుగారంటాను. పొద్దున పది దాటేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టనని రోజూ అద్దం ముందు నిలబడి చెబుతాడు. ఆయన గదిలో చెత్తబుట్ట ఖాళీ చేసేది కూడా నేనే. బ్యాచ్ మొదలవకముందే అందులో గుడ్డు పెంకులు, అరటితొక్కలు, తేనె అంటిన రొట్టె అంచులు ఉంటాయి. పనిలో చేరిన రోజే గది తాళంచెవి చేతికిచ్చి, లోపల చూసింది లోపలే ఉండాలన్నాడు. తలూపాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే గిన్నె కడిగేదానికి ఎందుకు లెమ్మనుకున్నాను. అలా ఆరు నెలలు గడిచాయి.

అప్పుడు మా అక్క ఆ ఐదు గంటల బ్యాచ్‌లో వచ్చి చేరింది. అక్కకి షుగరు. వచ్చే నెల పరీక్షలో తగ్గకపోతే మాత్రలు చాలవు, రోజూ ఇంజెక్షన్ తప్పదని డాక్టర్ చెప్పాడు. సూదంటే అక్క చిన్నప్పుడు మంచం కింద దూరేది, ఇప్పుడు దూరే వయసు కాదు, అంతే తేడా. మాత్ర వేసుకున్నాక తప్పకుండా తినాలని డాక్టర్ అన్న సంగతి కోచ్‌తో చెప్పిందట. డాక్టర్లు అలాగే అంటారని ఆయన నవ్వేశాడట. దాంతో అక్క మాత్ర వేసుకుని ఏమీ తినకుండా రావడం మొదలుపెట్టింది.

“రెండు బిస్కెట్లైనా తిని రా అక్కా,” అన్నాను.

“సార్ అంత మనిషి పదింటిదాకా ఏమీ తినకుండా ఉంటారే, నాకేం రోగం?” అంది.

అప్పుడే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది, దాని వెనకే ఉద్యోగం పోతుందన్న భయమూ వచ్చింది. మింగలేక కక్కలేక బకెట్ పట్టుకుని పక్కకి వెళ్ళిపోయాను.

తొమ్మిదో రోజు అక్క ట్రెడ్‌మిల్ మీద తూలింది. దిగి బకెట్ దగ్గరికి రాబోయి, సగం బయటే కక్కి, అందులోనే పడిపోయింది. జుట్టు ఆ తడికి నేలకు అతుక్కుంది. ఒళ్ళంతా చల్లటి చెమట, కళ్ళు తేలిపోతున్నాయి. కోచ్ నవ్వుతూ వచ్చాడు. వేలాడుతున్న అక్క చేతిని పైకెత్తి, ఆ చేత్తోనే గంట కొట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను పరుగున ఆయన గదిలోకి వెళ్ళి బల్ల సొరుగుకి సొరుగే లాక్కొచ్చాను. రొట్టెలు, గుడ్లు, అరటిపళ్ళు హాలంతా దొర్లాయి. తేనె సీసా మూత తీసి అక్క చెంప లోపల వేలితో రాశాను. మళ్ళీ రాశాను. ట్రెడ్‌మిల్స్ ఒక్కొక్కటే ఆగాయి. అవి సాయంత్రానికి తెచ్చుకున్నవని కోచ్ ఏదో అంటున్నాడు. కొరికిన రొట్టె ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

కాసేపటికి అక్క కళ్ళు నిలిచాయి. లేచి కూర్చుని అరటిపండు తింది. నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే తేనె సీసా వంక చూసింది.

“ఇది ఎక్కడుంటుందో నీకెలా తెలుసు?”

రోజూ ఆ గది తుడిచేది నేనేనని చెప్పాను.

“ఆయన తింటాడని ఎప్పట్నుంచి తెలుసు?”

“ఆరు నెలల నుంచి.”

ఆరు నెలలు ఆ బకెట్ కడిగినా ఆ మాట చెప్పినప్పుడు పుట్టినంత రోత నా మీద నాకెప్పుడూ పుట్టలేదు. అక్క నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. మోకాళ్ళ మీదే వంగి, తన వాంతిని తనే తుడుచుకోవడం మొదలుపెట్టింది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.