వచ్చే ఏటి కొలతలు

రఘునాథపల్లి బడిలో ఏ పిల్లవాడి చొక్కా అయినా మోకాళ్ల దాకా వేలాడుతుంటే, అది సోమనర్సయ్య కుట్టిందేనని టీచర్లు అడక్కుండానే చెప్పేవారు. ముప్పై ఎనిమిదేళ్లుగా బస్టాండుకు ఎదురుగా ఆయన మిషన్ దడదడలాడుతూనే ఉంది. పెద్దవాళ్ల బట్టలు ఒంటికి అతికినట్టు కుడతాడు, అందులో వంక పెట్టడానికి లేదు. పిల్లల బట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనది వేరే పద్ధతి. టేపుతో కొలిచి, వచ్చిన అంకెకు రెండంగుళాలు కలిపి కొలతల పుస్తకంలో రాసుకుంటాడు. నడుముకు రెండు, ఛాతీకి రెండు, పొడవుకైతే మూడు. పక్క తండా నుంచి కూతుర్ని వెంటబెట్టుకొచ్చే లాలి "పెద్దగ కుట్టు అన్నా, రెండేండ్లు రావాలె" అని ప్రతి జూన్‌లోనూ చెబుతుంది. పాపం ఆ మాట దండగ. చెప్పినా చెప్పకపోయినా ఆయన పెద్దగానే కుడతాడు.

వదులుగా ఉందని పిల్లలు ముఖం ముడుచుకుంటే ఆయన దగ్గర ఒకటే జవాబు. "పెరుగుతవు తీయ్ బిడ్డా."

ఆ జవాబును అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆయన మనవరాలు సుమన. కూతురు స్వప్నకు ఒక్కతే బిడ్డ. అల్లుడు గౌతమ్ భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడుపుతాడు, కాపురం అక్కడే. ఏటా బళ్లు తెరిచే ముందొకసారి, దసరాకొకసారి తాత దగ్గర్నుంచి బట్టల మూట భూపాలపల్లి బస్సెక్కేది. సుమనకు తొమ్మిదేళ్లొచ్చాయి గాని, కొత్త బట్ట ఒక్కటైనా సరైన కొలతకు తొడిగిన పాపాన పోలేదు. ఒంటికి సరిపోయే నాటికి దాని రంగు వెలిసి ఉండేది.

మూడో తరగతిలో ఉండగా భూపాలపల్లి బడి వార్షికోత్సవంలో పిల్లలు బతుకమ్మ ఆడారు. అందరూ చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరుగుతుంటే సుమన మాత్రం జారిపోతున్న లంగాను ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, కుడి చేత్తో గాలిని కొడుతూ తిరిగింది. చూసిన జనం పడీపడీ నవ్వారు. చూడ్డానికని వెళ్లిన సోమనర్సయ్య కూడా నవ్వాడు. పక్కవాళ్లకు "నా మనవరాలే" అని చూపించి మరీ నవ్వాడు. ఆ రోజు ఆ పిల్ల ముఖం ఎలా ఉందో ఆయన చూసుకోలేదు.

నిరుడు చలికాలంలో సుమనకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒంటి మీద ఎక్కడ తాకినా నల్లగా కమిలేది. హైదరాబాద్ తీసుకుపోతే రక్తంలో కేన్సర్ అన్నారు. ఏడు నెలలు ఆ దవాఖానలోనే గడిచాయి. ఆగస్టులో పెద్ద డాక్టరు స్వప్ననూ గౌతమ్‌నూ కూర్చోబెట్టి, ఇక మందులు పిల్లను బాధపెట్టడానికే తప్ప బతికించడానికి పనికిరావని మెల్లగా చెప్పాడు. రెండు నెలలుంటే ఎక్కువట. ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టమన్నాడు. స్వప్న బిడ్డను తీసుకుని, దుకాణం వెనకే ఉన్న తండ్రి ఇంటికి వచ్చేసింది. గౌతమ్ ఆదివారం ఆదివారం వచ్చిపోయేవాడు.

డాక్టరు చెప్పాడు కదా అని అందరూ అడగడమే. ఏం తింటవు, ఏం తాగుతవు. సుమన దేనికీ తల ఊపేది కాదు. ఒక రోజు దుకాణంలో తాత పక్కన స్టూలు మీద కూర్చుని, తనంతట తానే అడిగింది.

"నాకొక లంగా జాకెట్ కుట్టు తాతా. చేత్తోని పట్టుకోకుంటనే నిలబడాలె."

"బతుకమ్మ పండుగకు కుడుత బిడ్డా. జనగామ పోయి మంచి బట్ట తెస్త."

"పండుగ ఎప్పుడు?"

"ఇంకో రెండు నెలలున్నది."

ఆ పిల్ల వేళ్లు ముడుచుకుంటూ ఏదో లెక్క చూసుకుంది. "జర జల్దిన కుట్టరాదు తాతా?" అంది.

సోమనర్సయ్య పండుగ దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే జనగామ బస్సెక్కి ఎర్రంచు చిలకపచ్చ బట్ట తెచ్చాడు. బల్ల మీద పరిచి కొలతల పుస్తకం తెరిచాడు. పిల్లను నిలబెట్టి కొలవాలనిపించలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. నిరుడు జూన్‌లో రాసుకున్న అంకెలు చూసి, వాటికి ఇంకో రెండంగుళాలు కలిపి చాక్‌తో గీత గీశాడు. ముందుముందు విప్పుకోవడానికి లోపల బట్ట వదలకుండా కత్తెర పెట్టడమంటే, ఈ పిల్ల ఇక పెరగదని తన చేత్తో తనే రాసిచ్చినట్టుగా అనిపించింది ఆయనకు.

మంచినీళ్లు తెచ్చిన స్వప్న గుమ్మంలో నిలబడి ఆ గీత వైపే చూసింది.

"లోపల బట్ట ఇడిశినవా బాపు?"

"ఇడిశిన బిడ్డా."

"మంచిగ ఇడువు. రెండేండ్లకు సరిపోవాలె." అలా అని ముఖం తిప్పుకుని గబగబా లోపలికి పోయింది.

తండ్రీకూతుళ్లిద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

మూడో రోజుకు కుట్టడం అయింది. స్వప్న తొడిగింది. జాకెట్ భుజాల మీద నుంచి కిందికి జారింది. లంగా నాడా ఎంత బిగించినా ఆ నడుము మీద నిలబడనంది. సుమన ఏడవలేదు, అలగలేదు. ఎడమ చేత్తో లంగాను గుప్పిట పట్టుకుని "మంచిగుంది తాతా" అంది. పెద్దవాళ్లు బాధపడతారని పిల్లలు చెప్పే మాట అది. తర్వాత ఆమే అంది, "పెరుగుత తీయ్."

ఎన్ని వందల మంది పిల్లల నోళ్లు మూయించిన మాట. ఆ గుప్పిటను చూస్తుంటే వార్షికోత్సవం నాటి నవ్వు ఆయనకు చెవుల్లో వినిపించింది. తన మీద తనకు అసహ్యం వేసింది. మళ్లీ కొలతల పుస్తకం తెరిచి సుమన పేరున్న పేజీ తీశాడు. మూడేళ్ల వయసు నుంచి ఏటేటా రాసిన అంకెలన్నీ వరుసగా ఉన్నాయి. అన్నీ రెండు కలిపినవే. ఐదేళ్లప్పుడు ఈ పిల్ల నడుము ఎంత, ఏడేళ్లప్పుడు ఎంత ఎత్తుంది అని ఎవరైనా అడిగితే చూపడానికి ఉన్నదున్నట్టు రాసిన అంకె ఒక్కటీ లేదు. ఆ పేజీ నిండా వచ్చే ఏటి పిల్లే ఉంది. ఎదురుగా నిలబడ్డ పిల్లను తాను ఏనాడూ రాసుకోలేదు.

"ఇడువు బిడ్డా," అన్నాడు. "మల్ల కుడుత. ఇటు రా, కొలుస్త."

టేపు చుట్టాడు. చేతికి ఎముకలు తగిలాయి. సుమన తల వంచి టేపు మీది అంకె తనే చదివింది. "ఇరవై తాతా." ఆయన ఇరవై అని రాశాడు. అంతే రాశాడు. తర్వాత కుట్లన్నీ విప్పి, చాక్‌తో కొత్త గీత గీసి, కత్తెర తీసుకున్నాడు.

"బాపు, కొయ్యకే," స్వప్న అరిచింది. "మడతేసి లోపలికి కుట్టు. నీ కాళ్లు మొక్కుత, కొయ్యకు."

"మడతేస్తె లావుగ ఉబ్బుతది బిడ్డా. నడుముకు ఒత్తుకుంటది. ఆ ఒంటికి నొప్పి."

"మరి పెరిగితే?"

సోమనర్సయ్య కళ్లనీళ్లు బట్ట మీద పడకుండా పక్కకు తుడుచుకున్నాడు. "పెరిగితే కొత్త తాను తెస్త. జనగామ బజారంత తెస్త. ఇయ్యాలకైతే గిదే కొలత."

కత్తెర ఆడింది. రెండంగుళాల పచ్చటి పీలికలు బల్ల కింద రాలాయి. స్వప్న కింద కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రానికి లంగా సిద్ధమైంది. పండుగ కాదు, పబ్బం కాదు, ఉత్త మంగళవారం. దుకాణంలోని నిలువుటద్దం ముందు సుమన కట్టుకుని నిలబడింది. ముందుకూ వెనక్కూ చూసుకుంది. ఎడమ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయి, అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేక ఆగిపోయింది. అప్పుడు మెల్లగా వంగి రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. ఒక అడుగు పక్కకు వేసి మళ్లీ కొట్టింది. మూడో అడుగుకే ఆయాసమొచ్చి స్టూలు మీద కూలబడింది గాని, ముఖంలో నవ్వు మాత్రం పోలేదు.

వారం తిరక్కుండానే లంగా మళ్లీ వదులైంది. ఇన్నేళ్లలో ఒళ్లు పెరగడమే తప్ప తరగడం సోమనర్సయ్య కత్తెరకు తెలియదు. మళ్లీ కొలిచాడు. పంతొమ్మిదిన్నర.

"నేను పెరుగుతలేనా తాతా?"

ఎప్పటి జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. "లేదు బిడ్డా."

"మరి?"

"నువ్వు ఏ రోజు ఎంతుంటే ఆ రోజు అంతకు కుడుత. నేనున్నగద."

"అయితే ఎప్పుడూ సరిపోతది," అంది సుమన తృప్తిగా.

ఆ తర్వాత ప్రతి మంగళవారం అదే పని. అరంగుళం, పావంగుళం. మిగతా గిరాకీ అంతా పక్కన పడేసి కుట్లు విప్పి, ఎక్కువైన బట్ట కోసి, మళ్లీ బిగించేవాడు. రేపటి గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడటం మానేశారు. పెసరట్టు తింటానంటే అప్పుడే పప్పు నానబెట్టేవారు. వాన చూస్తానంటే మంచాన్ని వాకిట్లోకి జరిపేవారు. ఏడుపొస్తే స్వప్న బిడ్డ ఎదుటే ఏడ్చేది. సుమన ఆమె కళ్లు తుడిచేది. ఆ రోజులు చిన్నవే గాని, వాటిలో ఒక్కటి కూడా వదులుగా జారిపోలేదు.

ఆరో మంగళవారం కొలవాల్సిన అవసరం రాలేదు. బతుకమ్మ ఇంకా పది రోజులుందనగా, ఆదివారం మధ్యాహ్నం, తండ్రి ఒళ్లో తల పెట్టుకుని సుమన కన్నుమూసింది. ఆ పచ్చ లంగాతోనే మట్టిలో పెట్టారు. ఎక్కడా ఒక్క మడత లేదు. సోమనర్సయ్య వంగి చివరిసారి నడుము దగ్గర సర్దబోయాడు. సర్దడానికేమీ లేదు. అప్పుడు బావురుమన్నాడు.

జూన్‌లో బళ్లు తెరిచారు. లాలి తండా నుంచి కూతుర్ని తీసుకుని, యూనిఫాం బట్టతో వచ్చింది.

"అన్నా, రెండేండ్లు రావాలె," అంది అలవాటుగా.

సోమనర్సయ్య పిల్ల నడుముకు టేపు చుట్టి, కళ్లజోడు సర్దుకుని, ఇరవై రెండున్నర అని రాశాడు. పెన్సిల్ పక్కన పెట్టాడు.

"ఎక్కువ రాయవా?" లాలి పుస్తకంలోకి తొంగి చూసింది. "ఎదిగే పిల్ల. వచ్చేయేడు ఎట్ల?"

"వచ్చేయేడు తీసుకరా చెల్లే. లోపల బట్ట ఉంచుత. ఎన్నిసార్లయిన విప్పి కుడుత, పైస అడుగ."

పిల్ల వైపు తిరిగాడు. ఆ పిల్ల అప్పటికే పాత స్కర్టు జారకుండా ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఛాతీ కొలవాలె బిడ్డా," అన్నాడు సోమనర్సయ్య. "రెండు చేతులు లేపు."