మత్తు పాళ్లు

మొదటి విడతలో కొత్త మందు పడిన ఎలుకలన్నిటికీ మెదడులో రక్తం జోరుగా పారింది. ఒక్కటీ తప్పలేదు. వదినకు నచ్చనిది అదే. క్లాసులో అందరికీ నూటికి నూరు వస్తే ఏ టీచరు సంతోషిస్తుంది?

ఎలుక మెడ దగ్గర రక్తానికి అయస్కాంతంతో గుర్తు పెట్టి, అది మెదడుకు చేరాక స్కానర్లో బొమ్మ తీయడం ఆమె పని. మత్తు గాలి పట్టి ఎలుకను కదలకుండా ఉంచడం మరిది పని. దేనికి మందు పడిందో, దేనికి ఉప్పునీళ్లు పడ్డాయో స్కానింగు అయ్యేదాకా ఇద్దరికీ తెలియకూడదు. ఆ జాబితా మరిది పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు దగ్గర ఉంటుంది. రెండో విడత కూడా అలాగే వస్తే మరిదికి డాక్టరేటు వచ్చినట్టే. అత్తగారు అప్పుడే వీధంతా చెప్పేశారు.

ఈమధ్య మరిది పొద్దున్నే ఇంజెక్షన్లు వేసే పశువైద్యుడితో టీ తాగుతున్నాడు. అంతకుముందు అతనికి టీ అంటే పడేది కాదు. కంప్యూటరు చూస్తున్నట్టు నటిస్తూ వదిన ఓరకంట అతని చేతినే గమనించింది. కొన్ని ఎలుకల దగ్గర మాత్రం ఆ చెయ్యి మత్తు గాలి పెంచే నాబ్ మీదికి పోతోంది.

"ఎందుకు తిప్పావు?"

"మీసాలు కదిలాయి వదినా. తల కదిలితే బొమ్మ చెడిందని నువ్వే తిడతావు."

మీసాలు ఆమెకైతే కదిలినట్టు అనిపించలేదు. మత్తు పెరిగితే రక్తనాళాలు వదులై, మందు లేకపోయినా రక్తం ఎక్కువ పారుతుంది. ఆ సంగతి తెలియనంత అమాయకుడా తను?

మర్నాడు నాబ్ మీద టేపు వేసింది. ఆ విడతంతా మళ్లీ మొదలు, అన్నిటికీ మత్తు ఒకే పాళ్లలో.

"నేను దొంగనా?"

"అన్నానా? మీ అన్నయ్య గ్యాసు కట్టేశానన్నా నేను వెళ్లి చూసొస్తాను."

మరిది తర్వాతి ఎలుకను తేవడానికి వెళ్లాడు.

వారం తిరిగేసరికి స్కాన్లన్నీ పూర్తయ్యాయి. ఎలుకలన్నిటికీ రక్తం పారిన అంకెలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. మరిది ఆమె భుజం మీదుగా తెరలోకి వంగి చూశాడు.

"తోకకు రెండు గీతలున్నదానికి కూడానా? దానికి మందు పడింది కదా!"

వదిన కుర్చీ తిప్పి అతనివైపు చూసింది. దేనికి మందు పడిందో గైడు ఇంకా చెప్పనేలేదు.

"మందు నిజంగా పనిచేస్తుందనే అనుకున్నా వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "కాస్త సాయం చేద్దామని..."

"గైడుతో ఆ మాటే చెప్పు. ముందు నువ్వు నడు," అంది వదిన, కుర్చీలోంచి లేస్తూ. "వెనకాలే వస్తాను."