రెండో గీత

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. లారీ టైర్లు విప్పి బిగించే షాపులో పని. చదవడం వచ్చు గానీ, చీమ తలకాయంత అక్షరాలంటే ఓపిక లేదు.

తమ్ముడు లారీ డ్రైవరు. నిద్ర రాకుండా బిళ్ళలు మింగడం మరిగి, ఒకరోజు స్టీరింగు మీదే గుండె పట్టుకుని వాలిపోయాడు. ఇంకొక్కటి వేసుకున్నా గుండె తట్టుకోదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. మరదలు అప్పటికే పుట్టింటికి పోయింది. వాణ్ణి నా గదికి తెచ్చుకున్నాను. నాకూ ఎవరూ లేరు. ఎవరితోనూ పొసగలేదు.

మూడు నెలలు రెండు కంచాలు కడిగాను. వాడి గురక మీద విసుక్కున్నాను. తర్వాత ఒక వారం గురక వినపడలేదు. వాడు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాకు అనుమానం పట్టుకుంది. ఒంట్లో ఆ బిళ్ళల మందు ఉందో లేదో ఉచ్చలో ముంచితే చెప్పే పరీక్ష పట్టీ ఒకటి మందుల షాపులో కొన్నాను.

"ఇదిగో, ఈ కప్పులో పోసి ఇవ్వు."

"ఛీ, ఇది నీ టీ కప్పు కాదు గదన్నయ్యా?"

"వేళాకోళం చాలు. తలుపు వెయ్యకు."

నీళ్ళు కలుపుతాడేమోనని. వాడి నవ్వు ఆగిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

పట్టీ ముంచాను. ఐదు నిమిషాలకు రెండు గీతలు తేలాయి. రెండోది పల్చగా, ఉండీ లేనట్టు. అంటురోగం వచ్చిన ఏడాది, ముక్కులో పుల్ల తిప్పి చూసినప్పుడు, రెండు గీతలొస్తే రోగమున్నట్టే. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

"మళ్ళీ మింగావురా."

"ఒట్టన్నయ్యా, ఒక్కటీ వేసుకోలేదు. నిద్ర పట్టట్లేదు, అంతే. పట్టీతో వచ్చిన ఆ కాగితం చదువు ఒకసారి."

"నాకు చదువు చెప్తావా? గీతలు అబద్ధమాడతాయా?"

"నేనైతే ఆడతానన్నమాట."

సంచీ సర్దుకున్నాడు. నేను ఆపకపోగా, వాడి చెప్పులు గుమ్మం బయటికి తన్నాను.

పది రోజుల తర్వాత నడుంనొప్పి మందుకు వెళితే, షాపాయన తమ్ముడెలా ఉన్నాడని అడిగాడు. దొంగను పట్టుకున్నవాడిలా గొప్పగా చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది.

"రెండు గీతలా? అయ్యో, దీనికి రెండొస్తే ఒంట్లో ఆ మందు లేనట్టండీ! ఒక్కటే వస్తే అనుమానించాలి. పల్చగా ఉన్నా గీత గీతే. కాగితంలో బొమ్మేసి మరీ చూపించారు గదండీ?"

షాపు మెట్ల మీదే కూర్చుని ఫోను చేశాను. అవతల ఇంజను హోరు.

"ఒరే, తప్పు నాదిరా. రెండు గీతలుంటే లేనట్టంట."

"తెలుసన్నయ్యా. అప్పుడు లేదు."

"మరి ఇప్పుడో?"

హారన్ మోగింది. "రేపటికి సరుకు చేర్చాలి. ఎదర బండ్లున్నాయి, పెట్టేస్తున్నా."

మళ్ళీ చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది.

ఇప్పుడు షాపు ముందు ఏ లారీ ఆగినా, టైరు సంగతి తర్వాత, ముందు పైకెక్కి డ్రైవరు మొహం చూస్తున్నాను.

"ఏంటి బాబాయ్, అట్లా చూస్తున్నావ్? పిల్లనిస్తావా ఏంటి?" అని నవ్వుతారు వాళ్ళు.