కింద పడినా ఏమీ కాని డిస్కు

మా అక్క పురుగుల బొమ్మలు గీస్తుంది. ఇందులో నవ్వడానికేం లేదు, నవ్వాల్సినంత నేనే నవ్వేశాను. పేడపురుగు, పెంకుపురుగు, ఏది దొరికితే అది గాజు సీసాలో వేసుకుని, భూతద్దంలో చూస్తూ, కంప్యూటరుకి తగిలించిన పలక మీద ప్లాస్టిక్ కలంతో గీస్తుంది. కాలేజీ పిల్లల కోసం ఎవరో పురుగుల మీద పెద్ద పుస్తకం వేస్తున్నారు, అందులో బొమ్మలన్నీ ఆవిడవే. ఏళ్ళ తరబడి గీసినవన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ఒక ఆదివారం ఆ కంప్యూటరు ఉండుండి టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. ఊడబోయేదేదో, నిలిచేదేదో నాకు కొంచెం తెలుసు. "ఇవాళే వెళ్ళి చేతిలో పట్టే హార్డ్ డిస్కు ఒకటి కొను. అన్నీ అందులోకి కాపీ చేసుకో," అన్నాను. అక్క చెప్పులేసుకుంది. అప్పుడు బావ అడ్డొచ్చాడు.

"అలా ఎలా కొనేస్తాం? ఏది మంచిదో తెలియాలి కదా," అన్నాడు.

మా బావ ఒక పెద్ద గోడౌన్లో స్టాకు అధికారి. మనిషి మంచివాడే, కాదనను. కానీ చీపురు కొనాలన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియందే చెయ్యి వెయ్యడు. లోపల పళ్ళెం తిరిగే డిస్కు మంచిదా, ఏదీ తిరగని ఎస్ఎస్‌డీ మంచిదా అని వారాలకి వారాలు చదివాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు "నాది నెల తిరక్కుండా పోయింది" అని ఇంటర్నెట్లో రాస్తే, సొంత మనిషి పోయినంత దిగాలుగా కూర్చునేవాడు. చివరికి తిరిగేదే మేలని తేల్చాడు. ఎస్ఎస్‌డీ పోయేటప్పుడు చప్పుడైనా చెయ్యదట, అది ఆయనకి మర్యాదగా అనిపించలేదు.

కొట్టుకి నన్నూ లాక్కెళ్ళాడు. కొట్టతను రబ్బరు తొడుగున్న డిస్కు ఒకటి చూపించి, "నడుమెత్తు నుంచి కింద పడినా ఏమీ కాదు సార్," అన్నాడు.

"పడేసి చూపించండి," అన్నాడు బావ.

"పడేశాక ఎవరు కొంటారు సార్?"

"ఏమీ కాదన్నారుగా?"

కొట్టతను నా వైపు జాలిగా చూశాడు. ఈయన్ని కట్టుకుంది నేను కాదు, మా అక్క అని చెప్పేశాను. ఎలాగైతేనేం, డిస్కు ఇల్లు చేరింది.

రెండ్రోజుల తర్వాత నేను క్లినిక్కులో ఉండగా ఫోనొచ్చింది. "మరదలా, ఒక్కసారి రాగలవా?" పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది. వెళ్ళేసరికి బావ నేల మీద కూర్చునున్నాడు. అక్క సీసా పట్టుకుని పురుగుల కోసం వెళ్ళిందట. ఎదురుగా కొత్త డిస్కు కర్రుకర్రుమంటోంది.

జరిగింది ఆయనే చెప్పాడు. కాపీ చక్కగా అయింది. అయ్యాక చూస్తే అవే బొమ్మలు కంప్యూటర్లోనూ ఉన్నాయి, డిస్కులోనూ ఉన్నాయి. గోడౌన్లో ఒకే సరుకు రెండు చోట్ల కనబడిందంటే ఎవడో లెక్క తప్పాడని అర్థం. అందుకని కంప్యూటర్లోవి తీసేసి, అందులోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గోడౌన్లోకి కొత్త రకం డబ్బాలు వస్తే ఒకదాన్ని సరుకుతో సహా పడేసి, విప్పి చూసుకుంటారట.

"ఖాళీది పడేస్తే ఏం తెలుస్తుంది? సరుకుండగానే పడెయ్యాలి," అన్నాడు.

"వైరు కూడా పీకలేదా?"

"నిజంగా జారిపడేటప్పుడు వైరు పీక్కుని పడదు కదా. కొలిచి మరీ నడుమెత్తు నుంచే వేశాను."

"ఆగి ఉన్నప్పుడు పడితేనే ఏమీ కాదని డబ్బా వెనకాల చిన్నక్షరాల్లో ఉంది, బావగారూ." ఆయన్నే మేడ మీంచి పడేసి చూడాలనిపించింది. కోపం దిగమింగుకుని, "పోనీండి. కంప్యూటర్లో తీసేసినవి వెనక్కి తెప్పించే వాళ్ళున్నారు. దాన్ని మాత్రం ముట్టుకోకండి. అందులో కొత్తగా ఏది ఎక్కించినా పాతవాటి మీదెక్కి కూర్చుంటుంది," అన్నాను.

కంప్యూటరు వైపు చూశాను. పోయిన ఫైళ్ళు వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు, లోకంలో ఎన్నున్నాయో అన్నీ పొద్దుట్నుంచీ అందులోకే దింపుతున్నాడు.

"ఏది మంచిదో తెలియాలి కదా," అన్నాడు, ఈసారి బాగా గొంతు తగ్గించి.

అక్క వచ్చింది. నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. సీసా బల్ల మీద పెట్టి, లోపలి పురుగుకి గాలాడేలా మూత వదులు చేసి, "ఒక్కటి కూడా లేదా?" అని అడిగింది. తర్వాత గదిలోకెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది, నాకు భయమేసింది.

పోయిన ఫైళ్ళు వెతికిపెట్టే ఆవిడ దగ్గరికి రెండూ తీసుకెళ్ళాం. డిస్కు లోపల పళ్ళెం గీరుకుపోయింది, దానిమీద ఆశ వదులుకోమంది. కంప్యూటర్లోంచి మాత్రం సగానికి సగం తీయగలిగింది. వచ్చి చూసుకోమని కబురు పెడితే అక్క రానంది. నేనూ బావా వెళ్ళాం.

"ఇవి మీవేనా?" అని ఒక బొమ్మ తెరిచింది. తెరనిండా పెంకుపురుగు. వెనక భాగం మొత్తం బూడిదరంగు చారలైపోయింది, ముందు భాగం మాత్రం చెక్కుచెదరలేదు. బావ ముందుకి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది ఫోటో కదూ?" అని నన్నడిగాడు.

"అక్క గీసింది."

"ఫోటో తీసి పైన రంగులేస్తుందనుకున్నాను."

కాపీ చేసేటప్పుడు ఆ ఫైళ్ళన్నీ లెక్కపెట్టాడు, ఎంతెంత ఉన్నాయో సరిచూశాడు, ఒక్కటి కూడా తెరిచి చూళ్ళేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూళ్ళేదు. దారి పొడుగునా దులిపేద్దామని సిద్ధంగా ఉన్నదాన్ని, ఆయన మొహం చూశాక టీ తాగించి ఇంటికి తీసుకొచ్చాను.

ఇంటికొచ్చేసరికి అక్క బల్ల ముందు ఖాళీగా కూర్చునుంది. "సగం వచ్చాయి," అన్నాడు బావ. తలూపింది. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఆ పెంకుపురుగు కాళ్ళ మీద సన్న వెంట్రుకలున్నాయి చూడు. అవి ఒక్కోటీ నువ్వే గీశావా?"

అక్క తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మరెవరు గీస్తారండీ? దాని తల్లొచ్చి గీస్తుందా?"

అనేసి నవ్వబోయింది, నవ్వు రాలేదు. అన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా అప్పుడొచ్చింది. బావ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"పోయినవాటిలో ఏమేం ఉన్నాయో చెప్పు," అన్నాడు.

అక్క ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలెట్టింది. ఏ పురుగుకి ఎన్ని రెక్కలు, ఏ రెక్కకి ఏ రంగు కుదరక ఎన్నాళ్ళు తిప్పలు పడిందో, ఒక్కోదాని గురించి, పేరు పేరునా. నాకు ఆకలి దంచేస్తోంది. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను.