ముఖానికి తగిలే గాలి

అంద్రెయ నోరు విప్పితే బొగ్గుబాయి తప్ప ఇంకో ముచ్చట రాదని గోదావరిఖనిలో వాళ్ల క్వార్టర్ల వరసంతా ఎరుగుదురు. ముప్పై ఏళ్ల సర్వీసు మరి! అందులో ఒక ముచ్చట మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చాయ్‌తో పాటు మింగాల్సిందే. ఒకసారి బాయి లోపల, ఎవరూ తిరగని పాత దారుల్లో అతను తప్పిపోయాడు. అప్పుడు పిడికెడు దుమ్ము తీసి, దీపం వెలుగులో మెల్లగా వదిలి, అది ఎటు కొట్టుకుపోతుందో చూశాడట.

"గాలి వచ్చేది బయటినుంచే. గది మన ముఖానికి తగలాలె. దానికి ఎదురు నడువాలె. నడుస్త నడుస్త పోతే బయటికి తేల్తం. గంతే!" అని మీసం దువ్వేవాడు.

భార్య ఎలిజబెత్ ఈ ముచ్చట ఎన్నిసార్లు విన్నదో దేవుడికే తెలియాలి. అసలు విన్నదని నమ్మకమేమీ లేదు. కథ సరిగ్గా దుమ్ము దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోంచి "గది సరే గని, చింతపండు తెచ్చినవా?" అనేది. దీనికంటే గోడకు చెప్పుకోవడం నయమని అంద్రెయ తల కొట్టుకునేవాడు.

అతను రిటైరైన నెలకే ఇద్దరూ రామగుండంలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లారు. ఎలిజబెత్‌కు ఓడ చూడాలని ఎప్పటినుంచో కోరిక. చర్చిలో పిల్లలకు ఓడ బొమ్మలు గీసి కథలు చెప్పేది గానీ, అసలు ఓడ ఎంతుంటుందో ఆమెకూ తెలియదు.

పొద్దున్నే లాడ్జి నుంచి బయటపడ్డారు. హార్బరుకు ఏ బస్సో, ఎక్కడ దిగాలో ఇద్దరికీ తెలియదు.

"ఎవలనన్న అడుగరాదు?" అంది ఎలిజబెత్.

"భూమి కింద తొవ్వ దొరకవట్టినోన్ని. రోడ్డు మీద అడుగుతనా?"

"పోనీ, ఆ లాడ్జి పేరన్న చెప్పు. యాది పెట్టుకుంట."

"నేనున్న గదా, నీకెందుకే?" అని, లాడ్జివాళ్లిచ్చిన కార్డును, బిడ్డ లిల్లీ కొనిచ్చిన సెల్‌ఫోను పక్కనే జేబులో వేసుకున్నాడు. చూశారా ఆ ధీమా!

వచ్చిన బస్సు ఎక్కారు. కాలు పెట్టే సందు లేదు. ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. కొంతదూరం పోగానే ఒక గోడ మీద ఇంత పెద్ద ఓడ బొమ్మ కనిపించింది. ఇంకేముంది, హార్బరు వచ్చేసిందనుకుని "దిగు దిగు!" అని అరిచి అంద్రెయ కిందికి దూకేశాడు. అది రంగుల కంపెనీవాళ్ల ప్రకటన. ముందు తలుపు దగ్గర జనం కదల్లేదు, బస్సు మాత్రం కదిలింది. కిటికీలో ఎలిజబెత్ ముఖం ఒక్క క్షణం కనిపించి వెళ్లిపోయింది.

అంద్రెయ బస్సు వెనక పరిగెత్తాడు. ఈ వయసులో బస్సును అందుకుంటాడా? కూడలిలో బస్సు ఎటు తిరిగిందో తెలియక చాలాసేపు అటూ ఇటూ తిరిగి, రొప్పుతూ తర్వాతి స్టాపుకు చేరేసరికి బస్సూ లేదు, ఎలిజబెత్తూ లేదు. ఆమె తమ పక్కనున్న పెద్దపల్లి దాటి ఒంటరిగా ఎన్నడూ పోని మనిషి. చేతిలో ఫోను లేదు. లాడ్జి పేరు తెలియదు. కొంగున నాలుగు చిల్లర పైసలు తప్ప ఏమీ లేవు. 'నేనున్న గదా' అన్న తన మాటే ఇప్పుడు గుండెలో గుచ్చుకుంది. పాత దారుల్లో తప్పిపోయిన రోజు కూడా అతనికి ఇంత భయం వేయలేదు.

"దేవా, దాన్ని నాకు చూపియ్యి. ఇగ మీసం మీద చెయ్యి వేస్తే ఒట్టు" అని అక్కడే మొక్కుకున్నాడు.

పక్కన అరటిపళ్లు అమ్ముతున్న ఒక ముసలమ్మ ఉంది. పట్నంలో అడుగుపెట్టాక మొదటిసారి అంద్రెయ ఒకరిని అడిగాడు. "అవ్వా, నీలం చీర కట్టుకున్నామె ఎవలన్న ఇక్కడ దిగిందా?"

"మీలాగే మాటాడింది బాబూ. ఇక్కడే దిగిపోనాది. చానాసేపు ఎదురుచూసింది. ఆనక ఏటి చేసిందంటే, పిడికెడు మట్టి తీసి గాల్లోకి ఒగ్గీసింది! మతి బాగోలేదేమో అనుకున్నాను. ముక్కు సూటిగా అటేపు ఎల్లిపోనాది."

గోడ విన్నది! ఒక్క ముక్క పోకుండా విన్నది!

అంద్రెయ వంగి తనూ పిడికెడు దుమ్ము తీసి వదిలాడు. జనం నవ్వితే నవ్వనీ. గాలికి ముఖం పెట్టి నడిచాడు. పెద్ద బిల్డింగుల మధ్య గాలి ఆగిపోయినప్పుడల్లా మళ్లీ దుమ్ము తీశాడు. సందులు దాటాక గాలిలో ఉప్పు వాసన వచ్చింది, రోడ్డు దిగువన సముద్రం కనిపించింది. అంద్రెయ కూడా సముద్రాన్ని అంతకుముందు చూడలేదు. ఇప్పుడూ చూడలేదు, అతని కళ్లు నీలం చీర కోసం వెతుకుతున్నాయి.

ఒడ్డున ఒక రాతి మీద కూర్చుని, చెప్పులు పక్కన పెట్టుకుని, ఎలిజబెత్ పొట్లంలో మరమరాలు తింటోంది. దూరంగా నీళ్ల మీద ఒక ఓడ నిలబడి ఉంది.

"వచ్చినవా లిల్లీ బాపూ? గాలికి ఎదురు పోతే బయటికి తేల్తమంటివి గని, గింత బయటికి తేల్తమని ఎన్నడన్న చెప్పినవా?"

తిడదామని నోరు తెరిచాడు గానీ ఏడుపొచ్చింది. పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను రాకపోతే ఏం చేద్దువే?"

"రాకుండ ఎటు పోతవు? నీకు వేరే తొవ్వ యాడ తెలుసు?"

"మరి ఎన్నడూ విన్నట్టు లేకపోతివి! చింతపండు చింతపండు అంటివి."

ఎలిజబెత్ ఓడను చూస్తూనే చెప్పింది.

"వింటే నువ్వు ఆ చీకట్ల ఒక్కనివే ఉన్నట్టు కండ్లకు కనవడేది. తెల్లారి మళ్ల డ్యూటీకి ఎట్ల తోలియ్యాలె నిన్ను? అందుకే మాట మార్చేదాన్ని." పొట్లం అతని ముందుకు జరిపింది. "ఇగ డ్యూటీ లేదు గద. ఇప్పుడు చెప్పు. మొదటి సంది చెప్పు."

అంద్రెయ చెయ్యి అలవాటుగా మీసం దాకా పోయి, ఒట్టు గుర్తొచ్చి ఆగింది. మొదటి నుంచి చెప్పాడు. బాయిలో ఆ రోజు తను చిన్నపిల్లాడిలా ఏడ్చిన సంగతి కూడా, ఎవరికీ చెప్పనిది, ఆమెకు చెప్పాడు.